ఒడ్డెక్కే పడవలకు వైద్యం

చిరంజీవులు పిల్లలందరికీ తాతయ్య ఆశీస్సులు. ఇక్కడ అందరం క్షేమం.

రెండో ప్రపంచయుద్ధంలో 1944 జూన్ 6న ఫ్రాన్స్‌లోని నార్మండీ తీరంలో మిత్రదేశాల సైన్యం దిగినప్పుడు తీసిన ఫొటో చూసి మీరొక ప్రశ్న పంపారు. ముందు తలుపు పడేసి సైనికుల్ని దింపే ఆ పడవలు ఇసుకలో గుద్దుకుని పాడైపోవా అని. పాడవుతాయి. పడవ నడిపేవాడికి మొట్టమొదట నేర్పేది అడుగు నేలకు తగలనివ్వద్దని. ఈ పడవకు నేలకు తగలడమే ఉద్యోగం. దీన్ని తయారుచేసినవాళ్లకూ బాగుచేసినవాళ్లకూ ఆ సంగతి ముందే తెలుసు. అందుకే ఏది విరుగుతుందో ఊహించి సామాను సిద్ధం చేసుకున్నారు.

ఫొటోలో ఉన్నది అమెరికా వాళ్ల ఎల్‌సీవీపీ, అంటే సైనికుల్నీ వాహనాల్నీ ఒడ్డున దింపే చిన్న పడవ. న్యూ ఆర్లీన్స్‌లో ఆండ్రూ హిగ్గిన్స్ అనే ఆయన లూసియానా చిత్తడి నేలల్లో తిరగడానికి కట్టిన పడవల నుంచి పుట్టింది. పొడవు 36 అడుగులు, 36 మంది సైనికులు పడతారు, నడిపేవాళ్లు నలుగురు. పక్కలు ప్లైవుడ్, ముందు పడే తలుపు, అంటే ర్యాంపు, ఉక్కు. ముందు భాగం రెండుంపావు అడుగుల నీళ్లలో తేలితే వెనక భాగానికి మూడడుగుల నీళ్లు కావాలి. ప్రొపెల్లర్ అడుగుభాగంలో ఒక సొరంగంలాంటి లోతులో దాక్కుని ఉంటుంది. యుద్ధం అయ్యేలోగా ఇలాంటివి 20,000కు పైగా కట్టారు.

ఒడ్డుకు చేరడం కన్నా వెనక్కి రావడంలోనే పడవకు ఎక్కువ దెబ్బ తగులుతుంది. సైనికులు దిగేంతసేపూ ఇంజన్‌ను ముందుకే మెల్లగా నడుపుతూ ముక్కు ఇసుకకు ఆనించి ఉంచాలి. ఆ ఒత్తిడి తగ్గిందా, అల వచ్చి వెనక భాగాన్ని పక్కకు తోస్తుంది, పడవ అడ్డం తిరిగి నీళ్లు నింపుకుంటుంది. యుద్ధట్యాంకుల్ని మోసే పెద్ద పడవ ఎల్‌సీటీ, ఇంకా పెద్ద ఓడ ఎల్ఎస్టీ ఒడ్డుకు వస్తూనే వెనక లంగరు వేసి, తిరిగి వెళ్లేటప్పుడు తాడు చుట్టే యంత్రం వించితో దాన్ని లాక్కుని బయటపడతాయి. చిన్న పడవకు ఆ సుఖం లేదు. రివర్స్ వేయగానే ప్రొపెల్లర్ రేపిన ఇసుకంతా తన మీదకే వస్తుంది.

ఆ ఇసుక మొదట పట్టేది కూలింగ్ నీళ్ల దారిని. ఇంజన్ లోపల తిరిగేది మంచినీళ్లు. వాటిని చల్లబరచడానికి సముద్రపు నీళ్లు వేరే పంపుతో వస్తాయి. ఆ నీళ్ల దారిలో జల్లెడ బుట్ట ఉంటుంది. ఒడ్డుకు వెళ్లి వచ్చిన ప్రతిసారీ అడుగున ఉన్న వాల్వు మూసి, బుట్ట పైకి తీసి కడిగి, మూత కింద గ్యాస్కెట్ సరిగ్గా కూర్చుందో లేదో చూసి, వాల్వు మళ్లీ తెరవాలి. ఇంజన్ స్టార్ట్ చేశాక పొగగొట్టం దగ్గర నీళ్లు పడుతున్నాయా అని చూడాలి. వాల్వు తెరవడం మరిచిపోతే కొద్ది నిమిషాల్లోనే పంపు ఎండిపోతుంది. అలసటలో జరిగే తప్పుల్లో ఇది మొదటిది. బుట్ట దాటిన సన్న ఇసుక పంపు రెక్కల్ని అరగదీస్తుంది. నీళ్లు తగ్గుతాయి, వేడి పెరుగుతుంది. గేజ్‌లో మంచినీళ్లు సుమారు 160, 185 ఫారన్‌హీట్ డిగ్రీల మధ్య నిలకడగా ఉండాలి. అది దాటి మరిగిన ఇంజన్‌లో కంగారుపడి చల్లని నీళ్లు పోస్తే ఇంజన్ పైభాగమైన హెడ్డు పగులుతుంది. ఆపి, చల్లారనిచ్చి, అప్పుడు పోయాలి.

రెండో దెబ్బ ప్రొపెల్లర్‌ను తిప్పే ఇరుసుకు, అంటే షాఫ్ట్‌కు. ప్రొపెల్లర్ రెక్క రాయికి తగిలి వంగితే పడవంతా వణుకుతుంది. ఆ వణుకు బేరింగ్‌నూ, షాఫ్ట్ చుట్టూ నీళ్లు ఆపే గ్లాండ్‌నూ తినేస్తుంది. అందుకని వణుకు మొదలైన పడవను "ఇంకో ట్రిప్పు" అని పంపకూడదు. ప్రొపెల్లర్ తీయాలంటే పిన్ను లాగి, నట్టు పూర్తిగా తీసేయకుండా వదులు చేసి ఉంచి, పుల్లర్‌తో లాగాలి. నట్టును ఎందుకు ఉంచుతారంటే, పట్టు వదిలిన క్షణంలో బరువైన ఆ కంచు ముక్క ఎగిరి మనిషి మీద పడకుండా. షాఫ్ట్ చివర సుత్తితో కొడితే మర పాడై కొత్త నట్టు ఎక్కదు. వంగిన రెక్కను వేడిచేసి అచ్చుమీద కొట్టి సరిచేస్తారు, తర్వాత తూకం చూస్తారు. షాఫ్ట్‌ను రెండు దిమ్మల మీద తిప్పి డయల్ గేజ్‌తో వంపు కొలుస్తారు.

గ్లాండ్ విషయంలో కొత్తవాళ్లు ఎప్పుడూ పొరబడతారు. షాఫ్ట్ బయటికి వెళ్లేచోట నీళ్లు లోపలికి రాకుండా ప్యాకింగ్ కూరి ఉంటుంది. నడుస్తున్నప్పుడు అక్కడ నిమిషానికి కొన్ని చుక్కలు కారాలి. కారుతోంది కదా అని నట్లు బిగించేస్తే ప్యాకింగ్ మాడి, షాఫ్ట్ మీద గాడి పడుతుంది. గాడి పడ్డాక ఎంత కొత్త ప్యాకింగ్ పెట్టినా నీళ్లు ఆగవు.

ఇంజన్‌నూ షాఫ్ట్‌నూ కలిపే రెండు చక్రాల మధ్య సందును ఫీలర్ గేజ్‌తో నాలుగు వైపులా కొలుస్తారు. తేడా అంగుళంలో మూడు నాలుగు వెయ్యో వంతులు దాటకూడదు. చెక్క పడవకు ఈ కొలత ఒడ్డున తీసి ఊరుకుంటే చాలదు. నీళ్లలోకి దిగాక పడవ ఆకారం కొద్దిగా మారుతుంది కనుక తేలుతుండగా మళ్లీ కొలవాలి.

చెక్కకు చిల్లు పడితే తాత్కాలికంగా రాగిరేకు పట్టీ వేస్తారు. అంచులు శుభ్రంచేసి, కాన్వాసు గుడ్డకు రెడ్‌లెడ్ అనే ఎర్రటి సీసపు ముద్ద బాగా పట్టించి పరిచి, దాని మీద రేకు పెట్టి చుట్టూ దగ్గరదగ్గరగా రాగిమేకులు కొడతారు. ఇనుపమేకులు కొడితే ఉప్పునీళ్లలో రాగి పక్కన అవి ముందే తినేసుకుపోతాయి. ఉక్కు పడవలో బీట పడితే వెంటనే వెల్డింగ్ చేయరు. బీట రెండు చివర్లా చిన్న రంధ్రం తొలిచి, అది ఇంకా పాకకుండా ఆపి, అప్పుడు గాడి తీసి వెల్డ్ చేస్తారు. పైన వేసే ప్లేటు మూలలు గుండ్రంగా ఉండాలి, పదును మూల నుంచి కొత్త బీట పుడుతుంది. గోడకు అవతల డీజిల్ ట్యాంకు ఉందేమో చూడకుండా నిప్పు ముట్టిస్తే పని చేసేవాళ్లెవరూ మిగలరు. ఖాళీ ట్యాంకు నిండు ట్యాంకు కన్నా ప్రమాదం, లోపల ఆవిరి ఉంటుంది కాబట్టి.

ఇక ఇంజన్. నాకు వీళ్ల తెలివి అన్నిటికన్నా ఇక్కడే కనిపిస్తుంది. ఎల్‌సీవీపీల్లో ఎక్కువవాటికి పెట్టింది 225 హార్స్‌పవర్ గ్రే మెరైన్ డీజిల్. ఆరు సిలిండర్లు, ఒక్కొక్కటి 71 ఘనపు అంగుళాలు. యుద్ధట్యాంకును మోసే 50 అడుగుల ఎల్‌సీఎం అనే పడవకు అవే రెండు, 117 అడుగుల ఎల్‌సీటీకి అవే మూడు. సైనికుల్ని మోసే 158 అడుగుల ఎల్‌సీఐకి అదే కుటుంబం ఇంజన్లు ఎనిమిది, ఒక్కో షాఫ్ట్‌కు నాలుగు చొప్పున. కాబట్టి డీజిల్ చిమ్మే ఒకే రకం ఇంజెక్టర్, ఒకే పిస్టన్, ఒకే హెడ్డు నాలుగు రకాల ఓడలకు పనికొచ్చాయి. పడవలో కూర్చుని ఇంజన్ విప్పేవాళ్లు కాదు. చెడింది మొత్తంగా క్రేన్‌తో ఎత్తి, బాగున్నది దించి, పడవను పంపేసేవాళ్లు. చెడింది వర్క్‌షాపులో తీరిగ్గా విప్పేవాళ్లు. జంట ఇంజన్ల పడవలో మాత్రం ఒకటి కుడికి, ఒకటి ఎడమకు తిరిగేవి. స్టోర్లో పేరుపలక చూడకుండా ఇస్తే ఎత్తి దించిన శ్రమంతా వృథా.

ఈ ఇంజన్‌కు శత్రువు మురికి డీజిల్. పసిఫిక్ దీవుల్లో డీజిల్ డ్రమ్ములు వానలో నిలబెట్టి ఉంచితే మూత చుట్టూ నీళ్లు నిలిచి, రాత్రి చల్లబడగానే లోపలికి పీల్చుకుంటాయి. అందుకే డ్రమ్మును పడుకోబెట్టాలి. ఇంజెక్టర్ లోపలి సందు తల వెంట్రుకలో ఎన్నో వంతు, దానికి ఒక చుక్క నీళ్లు, చిటికెడు తుప్పు చాలు. నల్లపొగ వస్తే గాలి తక్కువో డీజిల్ ఎక్కువో, నీలిపొగ వస్తే ఇంజన్ ఆయిల్ మండుతోంది, తెల్లపొగ వస్తే ఏదో సిలిండర్‌లో డీజిల్ సరిగ్గా మండట్లేదు. గాలి తోసే బ్లోయర్ సీలు చెడితే ఇంజన్ తన ఆయిల్‌నే తాగి, డీజిల్ ఆపినా ఆగదు. అప్పుడు గాలి దారి మూసే పలక వేయడమే దారి.

ఇదంతా ఎక్కడ చేశారంటే, ఇంగ్లండ్ దక్షిణ తీరంలో ప్లిమత్, డార్ట్‌మత్, సాల్కంబ్, ఫాల్మత్ లాంటి రేవుల్లో. అక్కడ పోటుకూ ఆటుకూ నీటిమట్టంలో తేడా చాలా అడుగులు. పోటులో పడవను గట్టి నేల మీదికి తెచ్చి, నీళ్లు తీశాక అడుగున పని చేసి, తర్వాతి పోటుకు తేల్చేవాళ్లు. సమయమంతా చంద్రుడి లెక్క. పసిఫిక్ దీవుల్లో చాలాచోట్ల ఆటుపోట్ల తేడా తక్కువ, ఆ ఉపాయం అంతగా చెల్లదు. 5 అడుగుల వెడల్పు, 7 అడుగుల పొడవు, 5 అడుగుల ఎత్తున్న ఉక్కు పెట్టెల్ని బోల్టులతో కలిపి, పడవను నీళ్లపైకి ఎత్తి పట్టే చిన్న తేలే డాకులు కట్టుకున్నారు. ఎల్ఎస్టీ ఓడల్నే 30కి పైగా తేలే వర్క్‌షాపులుగా మార్చారు. 328 అడుగుల ఎల్ఎస్టీ ప్రొపెల్లర్‌కు డాకు దొరకకపోతే ముందు ట్యాంకుల్లోకి నీళ్లు ఎక్కించేవాళ్లు. నీళ్లు తాగే ఎద్దులా ముందుకు వంగి, వెనక భాగం పైకి లేచేది.

పడవలన్నీ తయారై కూడా రాలేదు. ఓడలో జాగా కలిసొస్తుందని ముక్కలుగా పంపితే, ఆస్ట్రేలియాలోని కెయిర్న్స్‌లోనూ, తర్వాత న్యూగినీ మిల్నే బేలోనూ కలిపారు. ఎల్‌సీటీ అయితే మూడు భాగాలుగా వచ్చేది, లేదా ఎల్ఎస్టీ డెక్కు మీద ఒక్కటిగా కూర్చుని వచ్చేది. ఎల్ఎస్టీని ఒక పక్కకు వంచి, కట్టు తెంచి, గ్రీజు పూసిన దూలాల మీదుగా నీళ్లలోకి జార్చేవాళ్లు.

1944 జూన్ 19 నుంచి నార్మండీలో మూడు రోజులకు పైగా వీచిన తుఫాను దాదాపు 800 పడవల్ని, ఓడల్ని ఒడ్డున పడేసింది. పోటు ఎక్కువగా ఉన్నప్పుడు పైకి కొట్టుకుపోయినవి మామూలు పోటుకు తేలవు. పెద్ద పోటు మళ్లీ వచ్చేది జూలైలో. ఈలోగా ఇసుకలోనే చిల్లులు మూసి, కింద ఇసుక తవ్వి, సిద్ధం చేసి ఉంచారు. బాగుచేయలేనివాటి నుంచి ఇంజన్, బ్యాటరీ, పంపు, ర్యాంపు తాడు ఊడదీసి బాగయ్యేవాటికి పెట్టారు. కాగితం మీద ఇది తప్పు. ఎందుకంటే ఒక భాగం ఊడదీసిన పడవలోంచి మర్నాటికి పది పోతాయి. అందుకే ఏ పడవను విప్పాలో ఒక్కరే నిర్ణయించాలి.

ఈ కాలం పడవల్ని చూడాలంటే దూరం వెళ్లక్కర్లేదు. 2007లో మన నౌకాదళంలో చేరిన ఐఎన్ఎస్ జలాశ్వ విశాఖపట్నంలోనే ఉంటుంది. దాని వెనక భాగంలో నీళ్లు నింపే డాకు ఉంది, ఎల్‌సీఎంలు అందులోంచే బయటికి వస్తాయి. ఎప్పుడైనా ఒడ్డుకు వచ్చిన ఎల్‌సీఎం కనిపిస్తే ర్యాంపు ముందు మూగి చూడకండి, వెనక్కి వెళ్లి చూడండి. ప్రొపెల్లర్ రేపే నీళ్లు పచ్చగా ఉన్నాయా, ఇసుక రంగులో ఉన్నాయా అన్నది రాసి పంపండి.

ఇట్లు
మీ తాతయ్య