రాళ్ళలా కనబడే మీ మొక్కల సంగతి

చిరంజీవులు చిట్టికి, బాబికి తాతయ్య ఆశీస్సులు.

మీరు పంపిన ఫొటో చూశాను. మీ రాళ్ళ మొక్కలు, అదే లిథాప్స్, రెండూ బాగానే ఉన్నాయి, టెన్షన్ పడకండి. "ముడతలు పడిపోతోంది తాతయ్యా, నీళ్ళు పొయ్యాలా?" అని అడిగారు కదా. ఫోనులో చెబితే సగం విని పెట్టేస్తారు, అందుకే రాస్తున్నాను. ముందు ఆ మగ్గు పక్కన పెట్టండి.

ఇవి దక్షిణాఫ్రికా, నమీబియాల రాతి నేలల మొక్కలు. వాటిలో చాలా చోట్ల ఏడాదంతా కలిపి పడే వాన, మన రాయగడలో ఒక్క శ్రావణంలో పడేంత కూడా ఉండదు. 1811లో విలియం బర్చెల్ అనే ఇంగ్లండు ప్రకృతి శాస్త్రజ్ఞుడు ప్రీస్కా అనే ఊరి దగ్గర వింతగా ఉన్న గులకరాయి ఒకటి చేతిలోకి తీసుకుంటే, అది మొక్క అని తేలింది. మొక్కలు వెతకడమే పనిగా తిరిగినవాడే రాయనుకున్నాడంటే, ఆకలేసిన తాబేలు ఏమనుకుంటుంది పాపం!

బాబీ, నీ భూతద్దం తీసి మొక్క పైభాగం చూడు. మచ్చల మధ్య గాజులా మెరిసే చోట్లు కనబడతాయి. అవి కిటికీలు. సొంత ఊళ్ళో ఈ మొక్క ఒళ్ళంతా భూమిలోనే ఉంటుంది, పైకి తేలేది ఆ నెత్తి ఒక్కటే. ఎండ ఆ కిటికీల్లోంచి లోపలికి దిగి, మట్టిలో ఉన్న ఆకుపచ్చ భాగానికి అందుతుంది. వంట అంతా అక్కడే, నేల కింద.

మీరు చూస్తున్న రెండు చెక్కలూ రెండు ఆకులు. ఏటా ఒక్క జతే. చలికాలంలో వాటి లోపల కొత్త జత పుట్టి, పాత ఆకుల్లో ఉన్న నీళ్ళే తాగి పెరుగుతుంది. మీ ఫొటోలో ఇటుకరంగు దాని చీలికలోంచి తొంగి చూస్తున్నది అదే. ఇప్పుడు మాఘమాసం కదా, పాత ఆకులు ముడతలు పడాలి, పడి తీరాలి. జాలిపడి నీళ్ళు పోశారో, పాతవి ఎండవు, కొత్తవాటిని నొక్కేస్తాయి, చివరికి అన్నీ కలిసి కుళ్ళుతాయి. పాతవి ఉల్లిపొరలా ఎండేదాకా చుక్క కూడా వద్దు. చేత్తో పీకకండి కూడా.

ఆ తరవాత, ఉగాది దాటాక కొంచెం పొయ్యొచ్చు. రోహిణి కార్తెలో మళ్ళీ ఆపాలి, ఎండ ముదిరితే అవి నిద్రపోతాయి. బాగా వడలితే సాయంత్రం పూట నాలుగు చెంచాలు, అంతే. వానలు మొదలయ్యాక కుండీ సన్‌షేడ్ కిందకి చేర్చండి. మీ బరంపురం గాలిలో సముద్రపు తడి ఎలాగూ ఉంటుంది. అసలు నీళ్ళు దసరా నుంచి: మట్టి పూర్తిగా తడిసేలా పోసి, అడుగుదాకా ఎండాకే మళ్ళీ. సంక్రాంతికి బంద్.

మట్టి సంగతి. కొరియర్‌లో వచ్చిన కొబ్బరిపొట్టు తడిని వదలదు, ఉగాది తరవాత తీసెయ్యండి. నాగావళి ముతక ఇసుక జల్లించి, కడిగి, ఎండబెట్టి పంపుతాను. నాలుగు వంతులు ఇసుకా ఇటుకముక్కలూ, ఒక వంతు ఎర్రమట్టి. గెత్తం, అంటే పశువుల ఎరువు, వద్దు. మీ అమ్మమ్మ ఒప్పుకోదు, ఆవిడ లెక్కలో గెత్తం లేని మొక్క పస్తున్నట్టే! కుండీ లోతుగా ఉండాలి, వేరు తిన్నగా దిగుతుంది. పొద్దుటి ఎండ నాలుగైదు గంటలు చాలు. మొక్క పొడుగ్గా సాగుతోందంటే వెలుతురు చాలట్లేదని. తెల్లగా దూదిలా పిండినల్లి పడితే స్పిరిట్‌లో ముంచిన దూదితో తుడవండి.

నీలం రంగు లిథాప్స్ విత్తనాలని ఆన్‌లైన్‌లో చూపిస్తారు. అలాంటివి లేవు, డబ్బులు తగలెయ్యకండి. ఎడారిలోంచి దొంగతనంగా పీకి అమ్మేవాళ్ళూ ఉన్నారు, విత్తనంతో పెంచిన మొక్కలే కొనాలి.

మూడేళ్ళు నిండిన మొక్క ఆశ్వయుజ కార్తీకాల్లో పూస్తుంది. చీలికలోంచే పసుపు పువ్వో తెల్ల పువ్వో వచ్చి, మధ్యాహ్నం విచ్చుకుని సాయంత్రానికి ముడుచుకుంటుంది. తన పుప్పొడితో తను కాయదు. ఒకే జాతివి రెండు పూస్తే, మెత్తటి బ్రష్‌తో అటూ ఇటూ రాయండి. కాయ కొన్ని నెలలకి గట్టిగా ఎండుతుంది.

నాకు అన్నిటికంటే ఇష్టమైంది ఆ కాయే. నా దగ్గర ఒకటుంది. పొడిగా ఉన్నంతసేపూ నోరు విప్పదు. మీద నీళ్ళచుక్క వేసి చూస్తూ ఉండండి, కాసేపట్లో మూతలు ఒక్కొక్కటే వెనక్కి వాలి నక్షత్రంలా విచ్చుకుంటుంది. గదుల్లో గసగసాలకంటే చిన్న విత్తనాలు! ఎడారిలో వాన పడినప్పుడే తెరుచుకుని, చినుకుల దెబ్బకి వాటిని చుట్టూ చిమ్ముతుంది. ఆరితే మళ్ళీ మూసుకుంటుంది. మళ్ళీ చుక్క వెయ్యండి, మళ్ళీ తెరుస్తుంది.

ఇసుకతో పాటు ఆ కాయ కూడా అగ్గిపెట్టెలో పెట్టి పంపుతున్నాను. చుక్క చిట్టి వెయ్యాలి, భూతద్దం బాబి పట్టుకోవాలి. కొట్టుకోకండి. కింద తెల్లకాగితం పరవండి, విత్తనాలు పోతే దొరకవు.

ఇట్లు
మీ తాతయ్య,
రాయగడ