ఫ్రేమ్‌లు, బీమ్‌ల లెక్కల్లో సాఫ్ట్‌వేర్: అపోహలు - వాస్తవాలు

విజయవాడ, గుంటూరుల్లో ఇప్పుడు ఐదంతస్తుల అపార్ట్‌మెంట్‌కు కూడా స్టాడ్ ప్రో, ఈటాబ్స్ వంటి సాఫ్ట్‌వేర్లతోనే డిజైన్ చేస్తున్నారు. ఇది మంచి పరిణామమే. అయితే డిజైన్లు పరిశీలించే పనిలో ఉన్న నాకు యువ ఇంజనీర్ల నుంచి, బిల్డర్ల నుంచి తరచూ వినిపించే కొన్ని నమ్మకాలు ఆందోళన కలిగిస్తున్నాయి.

అపోహ: ఎర్రర్ రాకుండా రన్ పూర్తయితే ఫలితాలు సరైనట్లే.

వాస్తవం: మనమిచ్చిన మోడల్‌కు సంబంధించిన సమీకరణాలను సాఫ్ట్‌వేర్ తప్పు లేకుండా సాధిస్తుంది. ఆ మోడల్, సైటులో కట్టబోయే భవనం ఒకటేనా అన్నది దానికి తెలియదు. మన దగ్గర విరివిగా వాడే 230×450 మి.మీ. కాలమ్‌నే (స్తంభాన్నే) తీసుకుందాం. డ్రాయింగులో దాని పొడవు వైపు ఉత్తర-దక్షిణంగా ఉండి, మోడల్‌లో తూర్పు-పడమరగా పడిందనుకోండి. ఒక్కో దిశలో ఆ కాలమ్ వంపు దృఢత్వం (వంగకుండా నిలిచే గుణం) దాదాపు 3.8 రెట్లు తేడాగా లెక్కలోకి వస్తుంది. పునాదుల మీద పడే మొత్తం బరువు మారదు, ఎర్రర్ రాదు, కానీ భూకంప బలాలు కాలమ్‌ల మధ్య పంపకమయ్యే తీరు, వాటిలోని బెండింగ్ మూమెంట్లు (వంచే ప్రభావం, క్లుప్తంగా మూమెంట్లు) పూర్తిగా మారిపోతాయి. అందుకే ఆర్కిటెక్ట్ ప్లాన్‌ను పక్కన పెట్టుకుని, 3డి చిత్రంలో ప్రతి కాలమ్ దిశనూ విడివిడిగా సరిచూడాలి. గోడల విషయమూ అంతే. 230 మి.మీ. మందం, 2.55 మీటర్ల ఎత్తు ఉన్న ఇటుక గోడ, ఘనమీటరుకు 20 కిలోన్యూటన్ల చొప్పున, బీమ్ మీద మీటరుకు సుమారు 11.7 కిలోన్యూటన్ల భారం మోపుతుంది; దాన్ని ఇవ్వడం మరిచిపోతే సాఫ్ట్‌వేర్ గుర్తుచేయదు.

అపోహ: ఇక చేతి లెక్కలతో పని లేదు.

వాస్తవం: నా దృష్టిలో అన్నిటికన్నా ఎక్కువ నష్టం చేస్తున్నది ఇదే. 6 మీటర్ల బీమ్ మీద మీటరుకు 20 కిలోన్యూటన్ల సమభారం ఉంటే, రెండు చివర్లూ ఊరికే ఆనించినప్పుడు మధ్యలో మూమెంట్ 90 కిలోన్యూటన్-మీటర్లు వస్తుంది. చివర్లు పూర్తిగా బిగించి ఉంటే చివర్లలో 60, మధ్యలో 30 వస్తాయి. అసలు ఫ్రేమ్‌లో (బీమ్‌లు, కాలమ్‌లు కలిసిన చట్రంలో) చివర్ల బిగింపు ఎంత ఉన్నా, రెండు చివర్ల హాగింగ్ మూమెంట్ల (బీమ్‌ను పైకి ఉబ్బేలా వంచేవాటి) సగటును మధ్యలోని మూమెంట్‌కు కలిపితే 90 రావలసిందే, ఎందుకంటే అది సమతాస్థితి నియమం. రిపోర్టులో ఆ మొత్తం 65గానో 130గానో కనిపిస్తే, ఊచల లెక్కకు వెళ్లకముందే భారం ఎక్కడ తప్పిందో వెతకాలి. అలాగే సపోర్ట్ రియాక్షన్ల (ఆధారాలు తిరిగి ఇచ్చే బలాల) మొత్తాన్ని, మనం విడిగా కట్టిన భవనం బరువుతో పోల్చాలి. 1930లో హార్డీ క్రాస్ ప్రచురించిన మూమెంట్ డిస్ట్రిబ్యూషన్ (మూమెంట్లను దఫదఫాలుగా పంచుతూ చేతితో లెక్కించే) పద్ధతిలో రెండు మూడు సైకిళ్లు వేసినా చాలు, కంటిన్యువస్ బీమ్ (రెండుకన్నా ఎక్కువ ఆధారాల మీద సాగే బీమ్) ఫలితం నమ్మదగినదో కాదో తెలిసిపోతుంది.

అపోహ: బీమ్‌ను ఎన్ని ముక్కలు చేస్తే ఫలితం అంత కచ్చితం.

వాస్తవం: ఒకే కొలతలున్న మామూలు బీమ్‌కు, స్థిరభారాల కింద, ముక్కలు పెంచినా ఫలితం మారదు. ప్లేట్ ఎలిమెంట్లతో (పలక ముక్కలతో) చేసే స్లాబులకు, షియర్ వాల్స్‌కే (పక్క బలాలను తట్టుకునే కాంక్రీటు గోడలకే) ఆ అవసరం ఉంటుంది.

అపోహ: కాలమ్ అడుగున ఫిక్స్‌డ్ సపోర్ట్ (కదలని, తిరగని ఆధారం) ఇస్తే సరిపోతుంది.

వాస్తవం: గుంటూరు ప్రాంతపు నల్లరేగడి నేల తడిస్తే ఉబ్బుతుంది, ఆరితే కుంచించుకుపోతుంది. అలాంటి చోట విడి ఫుటింగు (ఒక్కో కాలమ్ కింది పునాది) కొద్దిగా తిరిగినా, అడుగున ఉంటుందని లెక్కించిన మూమెంట్ తగ్గి, పక్క బలాల కింద ఆ భారం కాలమ్ పైభాగానికి, మొదటి అంతస్తు బీమ్‌లకు చేరుతుంది. భూమి పరీక్ష నివేదిక చూసి, ఫిక్స్‌డ్‌గానూ పిన్‌డ్‌గానూ (తిరగగల ఆధారంగానూ) రెండుసార్లు రన్ చేసి, ఎక్కువ వచ్చిన విలువలకు డిజైన్ చేయడం క్షేమం.

అపోహ: స్టిల్ట్ పార్కింగ్ (వాహనాల కోసం గోడలు లేకుండా వదిలిన కింది అంతస్తు) బలహీనతను సాఫ్ట్‌వేరే పట్టేస్తుంది.

వాస్తవం: చాలా మోడళ్లలో గోడలు బరువుగా మాత్రమే ఉంటాయి, వాటి దృఢత్వం లెక్కలో ఉండదు. దాంతో గోడల్లేని కింది అంతస్తుకూ, గోడలు నిండిన పై అంతస్తులకూ మధ్య ఉన్న తేడా తెరమీద కనిపించదు. 2001 భుజ్ భూకంపంలో అహ్మదాబాద్‌లో కూలిన అపార్ట్‌మెంట్లలో ఇలా కింద ఖాళీగా వదిలినవి ఎన్నో ఉన్నాయి. భూకంప డిజైన్ ప్రమాణమైన ఐ.ఎస్. 1893 కోడ్ 2016 కూర్పు ప్రకారం విజయవాడ మూడో భూకంప జోన్‌లో ఉంది, జోన్ ఫ్యాక్టర్ (ఆ జోన్ భూకంప తీవ్రతను సూచించే గుణకం) 0.16. పగుళ్లను దృష్టిలో పెట్టుకుని బీమ్‌ల జడత్వాన్ని (వంపు దృఢత్వాన్ని నిర్ణయించే అడ్డుకోత కొలతను) 0.35 వంతుకు, కాలమ్‌లదాన్ని 0.70 వంతుకు తగ్గించి విశ్లేషించాలని అదే కోడ్ చెబుతోంది. ఈ విలువలను ఇంజనీరే మోడల్‌లో ఇచ్చి, సరిచూసుకోవాలి. ఇటుక గోడలను ఐమూల స్ట్రట్లుగా (మూల నుంచి మూలకు ఒత్తిడిని మోసే కడ్డీలుగా) మోడల్‌లో చేర్చి, స్టిల్ట్ అంతస్తులో ఎంపిక చేసిన బేలలో (కాలమ్‌ల మధ్య ఖాళీల్లో) షియర్ వాల్స్ పెట్టి చూస్తే, కింది కాలమ్‌ల మూమెంట్లు ఎంత మారతాయో అప్పుడు స్పష్టంగా కనిపిస్తుంది.