యానిమేషన్ పాత విలువకి దానంతటదే కలవదు: అపోహలు - వాస్తవాలు

స్క్రీన్ మధ్యలో ఉండాల్సిన పాప్‌అప్, CSS (వెబ్‌పేజీ రూపాన్ని రాసే భాష) యానిమేషన్ పెట్టగానే కుడివైపు కిందకి జరిగిపోతుంది, అయిపోగానే మళ్లీ మధ్యలోకి ఎగిరి కూర్చుంటుంది. "బ్రౌజర్ బగ్" అని ఎవరో అంటారు, నలుగురూ నమ్మేస్తారు. దయచేసి ఈ మాట ప్రచారం చేయకండి.

అపోహ: యానిమేషన్ విలువ, ఎలిమెంట్‌కి (పేజీలోని ఒక భాగానికి) ముందే ఉన్న విలువతో కలుస్తుంది.

వాస్తవం: మనం చెప్తే తప్ప కలవదు. డిఫాల్ట్ 'రీప్లేస్', అంటే యానిమేషన్ నడిచినంతసేపూ పాత విలువ పక్కకి పోతుంది. పాప్‌అప్‌ని మధ్యలో నిలబెట్టింది ట్రాన్స్‌ఫార్మ్ ప్రాపర్టీలోని మైనస్ 50 శాతం ట్రాన్స్‌లేట్, అంటే పక్కకి జరపడం. మీ కీఫ్రేమ్‌లో (యానిమేషన్ దశని రాసే చోట) ఉన్నది స్కేల్ 0.9, అంటే సైజు మార్పు ఒక్కటే. రెండూ ఒకే ప్రాపర్టీ కాబట్టి, స్కేల్ రాగానే ట్రాన్స్‌లేట్ పోయింది. యానిమేషన్ కాంపోజిషన్‌ని (పాత, కొత్త విలువలు ఎలా కలవాలో చెప్పే ప్రాపర్టీని) 'యాడ్' చేస్తే ముందు పాత ట్రాన్స్‌లేట్, దాని వెనకే కొత్త స్కేల్ వరుసగా పనిచేస్తాయి. 2023 జులైకల్లా ఇది క్రోమ్, ఫైర్‌ఫాక్స్, సఫారీ మూడింట్లోనూ వచ్చేసింది. అసలు కీఫ్రేమ్‌లో ట్రాన్స్‌ఫార్మ్ బదులు విడిగా ఉన్న స్కేల్ ప్రాపర్టీ వాడితే గొడవే ఉండదు, నేనైతే ఇదే చేస్తాను.

మా టీమ్‌లో కొత్తగా చేరిన అమ్మాయి ఈ జంప్ చూసి, రిలీజ్ ముందురోజు టెన్షన్‌తో ట్రాన్స్‌ఫార్మ్‌కి ఇంపార్టెంట్ (మిగతా విలువల్ని పక్కకి నెట్టే !important గుర్తు) తగిలించింది. జంప్ ఆగింది, దాంతోపాటు యానిమేషనూ ఆగింది! ఇంపార్టెంట్ ముందు యానిమేషన్ విలువ చెల్లదు. తనకి రావాల్సింది తిట్లు కాదు, ఎవరైనా పక్కన కూర్చుని డెవ్‌టూల్స్‌లో (బ్రౌజర్‌లోని డెవలపర్ టూల్స్‌లో) కంప్యూటెడ్ విలువ, అంటే చివరికి అమలైన విలువ చూపించడం. చూపించాక తనే సరిచేసేసింది.

అపోహ: అయితే అన్నిటికీ 'యాడ్' పెట్టేస్తే సరి.

వాస్తవం: వద్దు. ఒపాసిటీ (సున్నా అయితే కనపడదు, 1 అయితే పూర్తిగా కనపడుతుంది) ముందే 1 ఉంటే, దానికి సున్నా కలిపినా 1 అవుతుంది, ఫేడ్ కనపడదు. ఫేడ్‌ని రీప్లేస్‌లోనే వదిలి, కదలికని వేరే యానిమేషన్‌గా రాయండి.

కాంపోజిషన్‌కి ఉన్న మూడో విలువ 'అక్యుములేట్' కూడా యాడ్ లాంటిదే అనుకోవద్దు. 5 పిక్సెళ్ల బ్లర్‌కి 10 పిక్సెళ్ల బ్లర్ చేరితే, యాడ్‌లో రెండు బ్లర్లు ఒకదాని తర్వాత ఒకటి పడతాయి, అక్యుములేట్‌లో 15 పిక్సెళ్ల బ్లర్ ఒక్కటే.

ఇంకోటి, 'ఫిల్ ఫార్వర్డ్స్' (యానిమేషన్ అయ్యాక కూడా చివరి విలువని నిలిపి ఉంచే సెట్టింగ్) పెడితే విలువ ఇన్‌లైన్ స్టైల్‌లోకి (ఎలిమెంట్‌లోనే రాసే స్టైల్‌లోకి) చేరుతుందనుకుంటారు. చేరదు, ఆ యానిమేషనే పైన కూర్చుని ఉంటుంది, మీరు తర్వాత రాసిన ఇన్‌లైన్ స్టైల్ అందుకే పనిచేయదు. విలువ నిలవాలంటే జావాస్క్రిప్ట్‌లో కమిట్‌స్టైల్స్ పిలిచి, యానిమేషన్‌ని క్యాన్సిల్ చేయండి.