సరిహద్దుకు అటు నేరం, ఇటు పుకారు: చిల్లంగి మీద చట్టం ఎందుకు కావాలి

పార్వతీపురం దాటి రాయగడ దారి పడితే కాసేపట్లోనే ఒడిశా వస్తుంది. అక్కడ ఒక ముసలమ్మను చూపించి ‘ఇది మంత్రగత్తె’ అని ముద్ర వేయడమే నేరం. 2013లో ఆ రాష్ట్రం అందుకోసం ప్రత్యేకంగా చట్టం చేసుకుంది. ఇటు మన పార్వతీపురం, సీతంపేట, పాతపట్నం కొండల్లో అలాంటి చట్టం లేదు. ‘చిల్లంగి పెట్టాడు’ (చేతబడి చేశాడు) అన్న మాట ఒకరి నోట పుట్టి, ఊరంతా తిరిగి, ఒక మనిషి నీళ్లకీ నిప్పుకీ దూరమయ్యేదాకా వచ్చినా, దెబ్బలు పడ్డాకో ప్రాణం పోయాకో గానీ పోలీసు చేతికి గట్టి సెక్షన్ దొరకదు. (2022 ఏప్రిల్ నుంచి పార్వతీపురం మన్యం వేరే జిల్లా అయింది. అంతకుముందు దాకా ఈ కొండలన్నీ విజయనగరం, శ్రీకాకుళం జిల్లాలవే.)

చిల్లంగి అంటే ఇక్కడ అందరికీ తెలుసు. తెలంగాణలో బాణామతి, ఇంకోచోట చేతబడి. పేరు ఏదైనా వరస ఒకటే. ఇంట్లో ఒకరికి జ్వరం వస్తుంది, తగ్గుతుంది, మళ్లీ వస్తుంది. తాయెత్తు కట్టిస్తారు, సోది అడుగుతారు. మనిషి పోతాడు. ఆ తర్వాత ఎవరి వల్ల పోయాడన్న ప్రశ్న మొదలవుతుంది. వేలు చూపించేది సాధారణంగా దిక్కులేని మనిషి మీదకే: వెనక బలగం లేని ముసలివాడు, భర్త పోయిన ఆడమనిషి, పొలం గట్టు తగాదా ఉన్న దాయాది.

ఆ జ్వరానికి అసలు పేరు చాలాసార్లు మలేరియా. మన్యంలో ఎక్కువగా కనిపించే ఫాల్సిపారం రకం మెదడుకెక్కితే రోగికి మూర్ఛలొస్తాయి, పొంతన లేని మాటలు మాట్లాడతాడు. దెయ్యం పట్టిందని అనుకోవడానికి చూసేవాళ్లకు అంతకంటే ఏం కావాలి? సికిల్ సెల్ అనే రక్తపు జబ్బూ అంతే. ఎముకల్లో నొప్పి ఉన్నట్టుండి విరుచుకుపడి, కొన్నాళ్లకు తగ్గిపోయి, మళ్లీ తిరగబెడుతుంది. మొదటిదానికి రక్తపు చుక్కతో పరీక్ష ఉంది, మందూ ఉంది. రెండోది పూర్తిగా నయం కావడం కష్టమే, కానీ పరీక్షలో తేలుతుంది, మందులతో అదుపులో ఉంటుంది. రోడ్డు లేని ఊరి నుంచి డోలీలో మోసుకొచ్చేసరికి ఆ పరీక్ష ఆలస్యమవుతుంది. ఆ ఆలస్యంలోనే పుకారు బలపడుతుంది. కాబట్టి దీన్ని గిరిజనుల అజ్ఞానంగా తీసిపారేసేవాళ్లతో నేను ఏకీభవించను. వైద్యం అందని చోట మనిషి తనకు అందిన వివరణనే పట్టుకుంటాడు.

దోమ కడుపులో మలేరియా క్రిమి ఉందని రోనాల్డ్ రాస్ సికింద్రాబాదులో కనిపెట్టింది 1897 ఆగస్టు 20న. అదే ఏడాది మన విజయనగరం గురజాడ అప్పారావు ‘కన్యాశుల్కం’ అచ్చయింది. నాటకం సంగతి అందరికీ తెలుసు. దాని ఇంగ్లీషు పీఠికలో ఉన్న అంకెల గురించి మాట్లాడేవాళ్లు తక్కువ. అంతకు పదేళ్ల కిందట విజయనగరం మహారాజా ఆనంద గజపతి అప్పటి విశాఖపట్నం జిల్లాలో డబ్బిచ్చి పిల్లను తెచ్చుకున్న బ్రాహ్మణ పెళ్లిళ్లను లెక్కపెట్టించారు. మూడేళ్లలో 1,034 తేలాయి. వాటిలో అయిదేళ్ల పెళ్లికూతుళ్లు 99 మంది, నాలుగేళ్లవాళ్లు 44, మూడేళ్లవాళ్లు 36, రెండేళ్లవాళ్లు ఆరుగురు. ఏడాది వయసున్నవాళ్లు ముగ్గురు.

ఈ అంకెల దగ్గర కాస్త ఆగాలి. దురాచారం తప్పని చెప్పేవాళ్లు అప్పటికే చాలామంది ఉన్నారు. అది ఎంత ఉందో కొలిచి చూపించడం వేరే పని. కొలిచాక ‘ఎక్కడో ఒకటీ అరా’ అనే సాకు చెల్లదు. ఆనంద గజపతి మద్రాసు శాసనమండలిలో బిల్లు కూడా పెట్టించారు, అది చట్టం కాలేదు. బాల్యవివాహాలకు అడ్డుకట్టగా శారదా చట్టం 1929లో గానీ రాలేదు. అయినా చట్టం కోరే ముందు లెక్క తీయాలన్న పద్ధతి మన విజయనగరంలో అంత ముందే ఉంది. హేతువాదం ఎక్కడో బయటి నుంచి దిగుమతి అయిందనేవాళ్లకు నేను ముందుగా చూపించేది ఆ పీఠికనే.

శ్రీకాకుళం వైపు నుంచి ఇంకో పాఠం ఉంది. శ్రీముఖలింగం దగ్గర పర్వతాలపేటలో పుట్టిన గిడుగు రామమూర్తి పర్లాకిమిడిలో పనిచేస్తూ సవర గిరిజనుల భాష నేర్చుకున్నారు. సవర పిల్లలకు వాళ్ల మాటల్లోనే చదువు చెప్పే బడులు పెట్టారు, ఆ భాషకు వ్యాకరణమూ నిఘంటువూ రాశారు. దోమ గురించీ రక్తపరీక్ష గురించీ మన ఆఫీసు తెలుగులో అచ్చేసిన కరపత్రం ఎన్ని సవర ఇళ్లలో అర్థమవుతుంది? ఆయన వందేళ్ల కిందట పట్టించుకున్న విషయాన్ని మన ఆరోగ్య ప్రచారం ఇంకా సరిగ్గా పట్టించుకోలేదు.

స్వాతంత్ర్యం తర్వాత కాగితం మీద చాలానే వచ్చాయి. మంత్రతంత్రాలతో జబ్బు నయం చేస్తామనే ప్రకటనల మీద 1954లో కేంద్ర చట్టం వచ్చింది. 1976లో 42వ సవరణ ద్వారా రాజ్యాంగంలో 51ఎ(హెచ్) అధికరణం చేరి, శాస్త్రీయ దృక్పథం పెంచుకోవడం పౌరుల విధి అయింది. అది విధే గానీ, తప్పినవాళ్లకు శిక్షేమీ లేదు. జనవిజ్ఞాన వేదిక లాంటి సంఘాలు ఊరూరా ప్రదర్శనలు పెట్టి, నోట్లోంచి శివలింగం తీయడం, నిప్పుల మీద నడవడం వెనక కిటుకులు విప్పి చూపించాయి. మహారాష్ట్రలో మూఢనమ్మకాల మీద పోరాడిన నరేంద్ర దభోల్కర్ ఏళ్ల తరబడి అడిగిన చట్టం, 2013 ఆగస్టు 20న ఆయన్ని కాల్చి చంపాక గానీ ముందు ఆర్డినెన్సుగా, తర్వాత చట్టంగా రాలేదు. రాస్ దోమను పట్టుకున్న తేదీ కూడా అదే. కర్ణాటక అలాంటి చట్టాన్ని 2017లో చేసుకుంది.

మనకు వేరే చట్టం అక్కర్లేదనేవాళ్లు ఎస్సీ, ఎస్టీ అట్రాసిటీల చట్టాన్ని చూపిస్తారు. 2015 సవరణతో, మంత్రగత్తె అనే నెపంతో ఎస్సీ, ఎస్టీలను హింసించడం అందులో నేరమైన మాట నిజమే. కానీ ఆ చట్టం నిందితుడు ఎస్సీ, ఎస్టీ కానప్పుడే వర్తిస్తుంది. కొండ మీద ఊళ్లో నింద వేసేదీ పడేదీ ఇద్దరూ గిరిజనులే అయితే అది అక్కరకు రాదు.

రెండో అభ్యంతరాన్ని నేను తేలిగ్గా తీసుకోను: గిరిజన సంస్కృతి మీదకు పోలీసులను పంపుతున్నారా అని. మహారాష్ట్ర చట్టం పూజల జోలికి, యాత్రల జోలికి పోలేదు. ఏయే పనులు నేరమో జాబితా ఇచ్చి వాటి వరకే పరిమితమైంది. మనం చేసుకునే చట్టమూ, కొత్త కందులు వచ్చాక గిరిజనులు చేసుకునే కందికొత్తల పండుగను ముట్టుకోనక్కర్లేదు. నింద వేయడం, వెలివేయడం, ఊరి నుంచి తరమడం, వైద్యం అందకుండా ఆపడం, డబ్బు గుంజడం: ఈ అయిదూ నేరాలని రాస్తే చాలు.

అంతకంటే ముందు లెక్క కావాలి. జాతీయ నేర రికార్డుల బ్యూరో హత్యల కారణాల్లో మంత్రగత్తె నెపానికి ఒక గడి ఉంచింది. అందులోకి చేరేది చచ్చిపోయినవాళ్లే. పక్క ఊరికి పారిపోయిన కుటుంబం, నెలల తరబడి ఎవరూ పలకరించని ముసలమ్మ ఆ గడిలోకి రారు. ఆశా కార్యకర్త, ఏఎన్ఎం, గ్రామ సచివాలయ సిబ్బంది ఇప్పటికే ప్రతి గడపా తొక్కుతున్నారు. వాళ్ల సర్వేలో ‘ఇంట్లో ఎవరి మీదైనా చిల్లంగి నింద పడిందా’ అనే ఒక్క ప్రశ్న చేర్చమని పార్వతీపురం, విజయనగరం, శ్రీకాకుళం కలెక్టర్లు ఆదేశించవచ్చు. అందుకు శాసనసభ దాకా పోనక్కర్లేదు.