పాత క్రోమ్ హబ్‌క్యాప్‌లు: అపోహలు - వాస్తవాలు

వింటేజ్ కారుకు పాత హబ్‌క్యాప్, అంటే చక్రం నడిమిని కప్పే లోహపు మూత, కొనేటప్పుడు అందరి చూపూ ముందువైపు మెరుపు మీదే నిలుస్తుంది. అది పనికొస్తుందో లేదో తేల్చేది మాత్రం ఆ మెరుపు అడుగున ఉన్న లోహం. చేతికి రాగానే ముందు తిరగేసి వెనకవైపు చూడండి.

అపోహ: తళతళలాడుతోందంటే క్రోమ్ బాగున్నట్టే.

వాస్తవం: అలంకారానికి వేసే క్రోమ్ పొర మందం సాధారణంగా అర మైక్రాన్ లోపే. తల వెంట్రుక మందంలో నూరో వంతు కూడా ఉండదు. మనం చూసే మెరుపులో ఎక్కువ భాగం దాని కింద ఉన్న నికెల్ పొరది. క్రోమ్‌ది కాస్త నీలి ఛాయ, నికెల్‌ది కాస్త పసుపు ఛాయ. పగటి వెలుతురులో తెల్లకాగితం పక్కన పెట్టి చూస్తే ఏళ్ల తరబడి రుద్దుడు పడ్డ చోట, అంటే అంచుల మీద, ఉబ్బెత్తు అక్షరాల మీద, పసుపు మచ్చలు బయటపడతాయి. అక్కడ క్రోమ్ అరిగిపోయింది. ఎంత పాలిష్ పెట్టినా అది తిరిగి రాదు, పైగా మిగిలిన నికెల్ కూడా అరుగుతుంది.

అపోహ: తుప్పు చుక్కలు పైపైవే, రుద్దితే పోతాయి.

వాస్తవం: కొన్ని పోతాయి, కొన్ని పోవు. క్రోమ్ పొరలో కంటికి ఆనని పగుళ్లు, రంధ్రాలు ఉంటాయి. వాటిలోంచి దిగిన తేమ నికెల్‌లో లోపం ఉన్నచోట అడుగున ఉన్న ఉక్కును చేరుతుంది. తుప్పు అక్కడ పుట్టి పైకి వస్తుంది. కాబట్టి పైన కనిపించే చుక్క చిన్నదే అయినా అడుగున గుంట పెద్దది కావచ్చు.

పరీక్ష ఇలా చేయండి. సబ్బునీళ్లతో కడిగి ఆరబెట్టండి. అల్యూమినియం ఫాయిల్‌ను ఉండలా నలిపి, నీళ్లలోనో పల్చటి నూనెలోనో తడిపి, ఒత్తకుండా రుద్దండి. అల్యూమినియం క్రోమ్ కన్నా చాలా మెత్తన, అందుకే ముతక ఉక్కుపీచులా, గరుకు కాగితంలా గీతలు పెట్టదు. ఎరుపు పోయి నున్నగా తేలితే అది పైమరకే. నల్లచుక్క మిగిలిపోతే గుంట ఉన్నట్టు. గోరు అడ్డంగా జరిపి చూడండి, అక్కడ తగిలి ఆగితే లోతైన గుంటే. పదింతలు పెద్దదిగా చూపే భూతద్దంలో చుక్క చుట్టూ పొర పొక్కులా లేచి కనిపిస్తే ప్లేటింగ్ (నికెల్, క్రోమ్ పూత) లోహాన్ని వదిలేసింది. దానికి రీప్లేటింగ్, అంటే మళ్లీ పూత వేయించడం, తప్ప దారి లేదు. ఊడుతున్న పెచ్చుల అంచులు వేళ్లను కోస్తాయి, జాగ్రత్త. కోలాతో రుద్దినా తుప్పు పోతుంది, అందులోని ఫాస్ఫారిక్ ఆమ్లం చేసే పని అది. గుంటను మాత్రం ఏదీ పూడ్చదు.

అపోహ: అయస్కాంతం అంటితే క్రోమ్ పూసిన ఉక్కు, అంటకపోతే స్టెయిన్‌లెస్ స్టీల్.

వాస్తవం: డబ్బు ఎక్కువగా పోయేది ఈ నమ్మకం దగ్గరే. కార్ల అలంకరణకు వాడే 430 రకం స్టెయిన్‌లెస్‌కు అయస్కాంతం గట్టిగానే అంటుతుంది. 300 వరుస రకాలకు దాదాపు అంటదు. ఇత్తడికీ అల్యూమినియానికీ కూడా అంటదు, పైగా ఇత్తడి మీద ప్లేటింగ్ వేసిన పాత క్యాప్‌లూ ఉన్నాయి. అయస్కాంతం సగం మాటే చెబుతుంది, మిగతా సగం వెనకవైపు ఉంటుంది. ప్లేటింగ్ ఉక్కుకు వెనక మసకగా, పల్చగా పూత ఉండి గీతల వెంట ఎర్రతుప్పు కనిపిస్తుంది. స్టెయిన్‌లెస్ రెండు వైపులా ఒకే తెల్లటి లోహం, పెచ్చులు ఊడటం అన్నదే ఉండదు.

ఈ తేడా ఎందుకంత ముఖ్యమంటే, స్టెయిన్‌లెస్ మీది సొట్టను వెనకనుంచి మెల్లగా కొట్టి లేపి, 400, 600, ఆపైన నెంబర్ల గరుకు కాగితంతో వరసగా సాపు చేసి బఫింగ్ (తిరిగే గుడ్డ చక్రంతో మెరుగు పెట్టడం) చేస్తే పని అయిపోతుంది. ప్లేటింగ్ ఉక్కులో అదే సొట్ట తీస్తే పూత పగులుతుంది, మళ్లీ మొత్తం ప్లేటింగ్ చేయించాలి. ఒకే సొట్ట ఉన్న రెండింటిలో నేనైతే స్టెయిన్‌లెస్‌నే తీసుకుంటాను.

అపోహ: కొంచెం సొట్టలే కదా, దూరానికి కనపడవు.

వాస్తవం: ట్యూబ్‌లైట్ ప్రతిబింబాన్ని క్యాప్ మీద పడనిచ్చి నెమ్మదిగా తిప్పండి. గీత తెగినా వంకర పోయినా అక్కడ సొట్టో, పాత మరమ్మతో ఉంది. బొటనవేలితో నొక్కితే టక్కుమని లోపలికీ బయటికీ ఆడే చోటు సాగిపోయిన లోహం. అది మామూలు సొట్ట కన్నా కష్టమైన పని. వెనక సుత్తి దెబ్బల గుర్తులు, పుట్టీ, వెండిరంగు పెయింట్ ఉన్నాయేమో చూడండి. అనుమానం వస్తే కనపడని మూల థిన్నర్‌లో ముంచిన గుడ్డతో తుడవండి. గుడ్డకు రంగు అంటితే అది క్రోమ్ కాదు.

అపోహ: 15 అంగుళాల చక్రానికి 15 అంగుళాల క్యాప్ అయితే చాలు.

వాస్తవం: చక్రాన్ని నిండా కప్పే వీల్ కవర్‌కు చక్రం సైజు చెబుతారు. నడిమికి మాత్రమే వచ్చే చిన్న క్యాప్‌ను వెనక అంచు వ్యాసంతో కొలవాలి. పట్టు కూడా రెండు రకాలు. కొన్నింటికి క్యాప్ అంచున స్ప్రింగ్ పళ్లుంటాయి, కొన్నింటిని చక్రం మీది క్లిప్పులు పట్టుకుంటాయి. పళ్లు విరిగినా, నొక్కితే తిరిగి లేవకపోయినా దారిలో ఊడిపోతుంది. వెనక అంచును ఒకదానికొకటి అడ్డంగా రెండు చోట్ల కొలవండి, కొలతలు కలవకపోతే క్యాప్ అండాకారమైంది. సమతలమైన గాజు మీద అంచు ఆనేలా పెడితే ఊగకూడదు. గాలి కొట్టే వాల్వ్ కోసం ఉన్న రంధ్రం చుట్టూ, అంచు మడత వెంట జుట్టు సన్నపు పగుళ్లు వెతకండి. బిగించేటప్పుడు, విప్పేటప్పుడు ఒత్తిడి పడేది అక్కడే.

అపోహ: ఎంత పాడైనా రీప్లేటింగ్ చేయిస్తే కొత్తదైపోతుంది.

వాస్తవం: పాత క్రోమ్, నికెల్ తీసేసి, లోహాన్ని సాపు చేసి, రాగి వేసి బఫ్ చేసి, ఆపైన నికెల్, చివరికి క్రోమ్ వేస్తారు. చిన్న గుంటలను రాగి పూడుస్తుంది. తూట్లు పడితే ముందు వెల్డింగ్ చేయాలి. ఎక్కువ సాపు చేస్తే రేకు పల్చబడుతుంది, అక్షరాల అంచులు మొద్దుబారతాయి. వెనక తుప్పు రేకంతా తిన్న క్యాప్‌ను చవకగా వచ్చినా వదిలేయడం మేలు. జింక్‌తో పోతపోసిన ఎంబ్లమ్ (కంపెనీ గుర్తు), ఎనామిల్ (రంగు గాజుపూత), ప్లాస్టిక్ నడిమి భాగం ఉంటే ప్లేటింగ్‌కు ఇచ్చే ముందే విప్పించాలి, లేకపోతే ఆమ్లంలో పాడవుతాయి. గట్టి ఉక్కు స్ప్రింగ్ పళ్లు ఆమ్లం, ప్లేటింగ్ తొట్లలో హైడ్రోజన్ పీల్చుకుని పెళుసుబారి విరగవచ్చు. విప్పడానికి వీలైన పళ్లయితే వాటిని విడిగా ఉంచమని ముందే చెప్పండి. ఇంట్లో క్రోమ్ తొట్టి పెట్టే ఆలోచన మాత్రం వద్దు, ఆ ద్రావణంలోని హెక్సావాలెంట్ క్రోమియం క్యాన్సర్ కారకం.