ఆర్మ్ మీద టెస్టింగ్: సీఐ మెషీన్ ఎంపికలో అపోహలు - వాస్తవాలు

హన్మకొండలో మా చిన్న టీమ్ పత్తి కాంటాలకు సాఫ్ట్‌వేర్ రాస్తుంది. కాంటా పక్కన ఉండేది రాస్‌బెర్రీ పై 4 అనే చిన్న కంప్యూటర్ బోర్డు (కింద ‘పై’ అంటే ఇదే రకం బోర్డు). దానిలో ఉండేది ఆర్మ్ రకం ప్రాసెసర్. మేం కోడ్ రాసే ల్యాప్‌టాప్‌లన్నీ ఎక్స్86, అంటే ఇంటెల్, ఏఎండీ చిప్‌ల రకం. కోడ్ మారిన ప్రతిసారీ టెస్టులు నడిపే సీఐని (కంటిన్యుయస్ ఇంటిగ్రేషన్) ఏ మెషీన్ మీద పెట్టాలో తేల్చుకోవడానికి మాకు ఏడాది పట్టింది. మడికొండ ఐటీ పార్కులో కొత్తగా చేరినవాళ్లు, నిట్‌లో ప్రాజెక్టులు చేసే పిల్లలు అడిగే ప్రశ్నల్లోనూ అప్పటి మా అపోహలే వినిపిస్తున్నాయి.

అపోహ: ఎక్స్86 మీద పాసైన సీ కోడ్‌ను ఆర్మ్‌కు మళ్లీ కంపైల్ చేస్తే చాలు.

వాస్తవం: చాలదు. లైనక్స్‌లో సీ భాషలోని ఒక బైటు టైపు, మామూలు చార్, ఎక్స్86 మీద మైనస్ విలువలు పట్టుకుంటుంది, ఆర్మ్ మీద పట్టుకోదు. ఖాళీ సంచి బరువు తీసేశాక మైనస్ 2 రావాల్సిన చోట మాకు 254 వచ్చింది. సైన్డ్ చార్ అని విడిగా రాశాక సరిపోయింది.

అపోహ: ఆర్మ్ ప్రోగ్రామును ఎక్స్86 మీదే అనుకరించి నడిపే క్యూఎము ఉండగా అసలు ఆర్మ్ మెషీన్ ఎందుకు?

వాస్తవం: ఆ 254 లాంటి తప్పును క్యూఎము కూడా పట్టిస్తుంది. నెమ్మదిగా నడిచినా పనికొస్తుంది. దానికి చిక్కనిది వేరే ఉంది. మా కోడ్‌లో ఒక థ్రెడ్ (ప్రోగ్రామ్‌లో ఏకకాలంలో నడిచే పనుల్లో ఒకటి) బరువు రాసి, తర్వాత రెడీ అని జెండా ఎత్తుతుంది. ఇంకో థ్రెడ్ జెండా చూసి బరువు చదువుతుంది. ఎక్స్86లో ఒక కోర్ ఏ వరుసలో రాస్తే మిగతా కోర్లకు అదే వరుసలో కనబడుతుంది. ఆర్మ్‌కు ఆ కట్టుబాటు లేదు. జెండా ముందు కనబడి, బరువు వెనక రావచ్చు. అప్పుడు ఈ బస్తాకు ముందటి బస్తా బరువు పడుతుంది. అది రైతు చేతికొచ్చే డబ్బు! ఎక్స్86 సర్వర్ మీద క్యూఎము నడిపితే, కింద పనిచేసేది ఎక్స్86 కోర్లే కాబట్టి ఈ తప్పు దాదాపుగా బయటపడదు. ఈ వరుస తప్పకుండా కాపాడే రిలీజ్-అక్వైర్ అటామిక్స్‌తో సరిచేశాం. అయినా ఈ టెస్టు ఒక్కసారి పాసైతే నేను నమ్మను. నాలుగు కోర్ల అసలు ఆర్మ్ మీద రాత్రంతా తిప్పాల్సిందే.

ప్రోగ్రామ్‌ను దానికి కావాల్సినవాటితో కలిపి ఇమేజ్‌గా కట్టే డాకర్ వాడేవాళ్లు ఇంకోటి చూసుకోండి. ఎక్స్86 మీద ఆర్మ్ ఇమేజ్ బిల్డ్ అవుతుంటే వెనక క్యూఎమునే నడుస్తుండొచ్చు. లోపల ప్రాసెసర్ రకం చెప్పే యూనేమ్ కమాండ్‌ను అడిగితే మాత్రం ఆర్మ్ అనే చెబుతుంది.

అపోహ: ఆర్మ్ అంటే ఏ ఆర్మ్ అయినా ఒకటే.

వాస్తవం: అమెజాన్ క్లౌడ్ ప్రాసెసర్ గ్రావిటాన్2లో ఉన్నవి ఆర్మ్‌వీ8.2 వర్షన్ కోర్లు. పై 4లోని కార్టెక్స్-ఏ72 ఆర్మ్‌వీ8.0. బిల్డ్ చేసే మెషీన్‌కు తగ్గట్టు కంపైల్ చేసే నేటివ్ ఆప్షన్‌ను గ్రావిటాన్ మీద పెడితే కొత్త అటామిక్ ఇన్‌స్ట్రక్షన్లు చేరతాయి. పై 4 మీద వాటి దగ్గరికి రాగానే ప్రోగ్రామ్ ఇల్లీగల్ ఇన్‌స్ట్రక్షన్ అంటూ ఆగిపోతుంది. మెమరీని కెర్నల్ పంచే ముక్క, అంటే పేజీ, సైజు కూడా 4 కేబీయే అనుకోవద్దు. పై 5 కెర్నల్ డిఫాల్ట్‌గా 16 కేబీ.

అపోహ: రెండు పై బోర్డులు బల్ల మీద పెడితే క్లౌడ్ అక్కర్లేదు.

వాస్తవం: చిప్ 80 డిగ్రీలకు చేరితే పై బోర్డు వేగం తగ్గించుకుంటుంది. మే నెల వరంగల్ ఎండలో ఫ్యాన్ లేని బోర్డు చెప్పే టైమింగులను లెక్కలోకి తీసుకోవద్దు. కరెంటు పోయి వస్తుంటే ఎస్‌డీ కార్డులు పాడవుతాయి. ఎస్‌ఎస్‌డీ, ఇన్వర్టర్ పెట్టండి. పబ్లిక్ రిపోకు (అందరికీ కనబడే కోడ్ నిల్వకు) సొంత రన్నర్‌ను, అంటే టెస్టులు నడిపే మెషీన్‌ను, మాత్రం తగిలించకండి. ముక్కూముఖం తెలియనివాళ్లు పంపిన కోడ్ మీ ఆఫీసు నెట్‌వర్క్‌లో నడుస్తుంది.

ఖర్చు భయం కూడా పాతదే. పబ్లిక్ రిపోలకు కోడ్ నిల్వచేసే సైట్ గిట్‌హబ్ 2025 నుంచి ఆర్మ్ లైనక్స్ రన్నర్లను ఉచితంగా ఇస్తోంది. మా లైబ్రరీ ఓపెన్ సోర్స్ కనుక ప్రతి మార్పుకూ టెస్టులు అక్కడే నడుస్తాయి. ఆఫీసులోని పై 4 రాత్రిపూట మెయిన్ బ్రాంచిని తానే తెచ్చుకుని నడుపుతుంది. పత్తి మార్కెట్‌కు రావడం మొదలయ్యేలోపు అది వారం రోజులు ఒక్క ఫెయిల్ లేకుండా నడిస్తేనే కొత్త వర్షన్ కాంటాల్లోకి ఎక్కిస్తాం.