బేక్ సేల్ పెట్టబోయే పిల్లలకు

చిరంజీవులకు,

మీ పెద్దమ్మ ఆశీస్సులు. కేకులూ బిస్కెట్లూ చేసి అమ్మి, వచ్చిన డబ్బు మంచి పనికి ఇవ్వాలనుకుంటున్నారట. చాలా సంతోషం. కేకు ఎలా చేయాలో మీకు తెలుసు కాబట్టి అది రాయను. ఇలాంటి అమ్మకాల్లో పని చెడేది ఎక్కువగా ఓవెన్ బయటే: సగం ఆరిన కేకును డబ్బాలో పెట్టడం, అంచనాతో ధర కట్టడం, చిల్లర మరిచిపోవడం. అందుకే ఉత్తరమంతా వాటి గురించే.

ముందుగా డబ్బు ఎవరికో తేల్చుకోండి. బోర్డు మీద ‘పేద పిల్లల సాయం కోసం’ అని రాస్తే కొనేవాళ్లు ‘ఏ పిల్లలకు?’ అని అడుగుతారు. సంస్థ పేరు, ఆ డబ్బుతో వాళ్లు ఏం చేస్తారు, ఈ రెండూ ఒక్క వాక్యంలో చెప్పగలగాలి. పేరు వాడుకుంటున్నామని ఆ సంస్థకు ముందే చెప్పండి. బల్ల వేసే చోటు ఎవరిదైతే వాళ్ల అనుమతి కాగితం మీద తీసుకోండి. ఇంట్లో చేసిన తిండి అమ్మడానికి ఎక్కడి నిబంధనలు అక్కడుంటాయి, అవి కనుక్కునే బాధ్యత ఒక పెద్దవాళ్లకు అప్పజెప్పండి.

రకాలు నాలుగైదు మించొద్దు. పది రకాలు పెడితే బల్ల నిండుగా కనిపిస్తుంది, కానీ కొనేవాళ్లు తేల్చుకోలేక నిలబడతారు, వెనక వరుస పెరుగుతుంది. చేత్తో పట్టుకు తినగలిగేవే ఎంచుకోండి: బిస్కెట్లు, మఫిన్లు, బ్రౌనీలు, క్రీమ్ లేని కేకు ముక్కలు. తాజా క్రీమ్, కస్టర్డ్, చీజ్ పూతలు ఎంత ముచ్చటగా ఉన్నా వద్దే వద్దు. 5 నుంచి 60 డిగ్రీల సెల్సియస్ మధ్య వాటిలో సూక్ష్మజీవులు వేగంగా పెరుగుతాయి. రెండు గంటలకు మించి బయట ఉంచకూడదు, మీ అమ్మకమేమో అంతకన్నా ఎక్కువసేపు సాగుతుంది. చాక్లెట్ పూత కూడా 30 డిగ్రీలు దాటితే మెత్తబడుతుంది, ఎండలో పెడితే కాగితానికి అంటుకుపోతుంది.

ఎన్ని చేయాలో ట్రేలతో లెక్క కట్టండి. 20 సెంటీమీటర్ల చదరపు ట్రేలో 5 సెంటీమీటర్ల ముక్కలు 16 వస్తాయి. 23 × 33 ట్రేను నాలుగు వరుసలు, ఆరు నిలువులుగా కోస్తే 24. ఎనిమిది ఇళ్లు తలా 24 ముక్కలు తెస్తే మొత్తం 192. ఏ ఇల్లు ఏం చేస్తుందో ఒక కాగితం మీద రాసి అందరికీ పంపండి. లేకపోతే ఆరిళ్ల నుంచీ చాక్లెట్ కేకే వస్తుంది.

ఎక్కువ కావాలని కొలతలు రెట్టింపు చేసి ఒకే గిన్నెలో పోయకండి. అంచులు మాడిపోయి నడిమి పచ్చిగా ఉంటుంది. రెండు ట్రేలలో విడివిడిగా కాల్చండి. మఫిన్ గుంటలు మూడింట రెండు వంతులే నింపాలి, నిండా పోస్తే పొంగి పక్కదానితో కలిసిపోతాయి. పిండి కప్పుతో కాక తూకంతో కొలవండి. పైపైన నింపిన కప్పుకీ, కుదించి నింపిన కప్పుకీ 30 గ్రాముల దాకా తేడా రావచ్చు, ఒకే వంటకం ఒకింట మెత్తగా, ఇంకో ఇంట ఇటుకలా రావడానికి ఒక కారణం అదే. ఇంకోటి: గిన్నె నాకాలని మీ అందరికీ ఉంటుంది. పచ్చి గుడ్డే కాదు, కాల్చని పిండిలో కూడా జబ్బు చేసే సూక్ష్మజీవులు ఉండొచ్చు.

ఇక ఆరబెట్టడం. ఓవెన్ నుంచి తీసిన కేకును పది నిమిషాలు గిన్నెలోనే ఉంచి, తర్వాత తీగల స్టాండు మీదికి తిప్పండి. కింద చెయ్యి పెట్టి చూడండి, ఏమాత్రం వెచ్చగా తగిలినా డబ్బాలో పెట్టకండి. లోపలి ఆవిరి మూతకు నీటి బొట్లుగా పట్టి, మళ్లీ కేకు మీదే పడుతుంది. పైభాగం జిగటగా మారుతుంది, బూజు కూడా త్వరగా పడుతుంది. బ్రౌనీలు పూర్తిగా చల్లారాకే కోయాలి. కత్తిని వేడినీళ్లలో ముంచి, తుడిచి, ఒక్కో కోతకూ అలాగే చేస్తే అంచులు నీటుగా వస్తాయి. కరకరలాడే బిస్కెట్లనూ మెత్తని కేకునూ ఒకే డబ్బాలో పెట్టకండి, కేకు తేమను బిస్కెట్లు పీల్చుకుని తెల్లారేసరికి మెత్తబడతాయి. బిస్కెట్లు రెండు మూడు రోజుల ముందే చేసి గాలి చొరని డబ్బాలో దాచుకోవచ్చు. కేకులు మాత్రం ముందు రోజు సాయంత్రమే.

ప్రతి ప్యాకెట్ మీద పేరు, చేసిన తేదీ, వేసినవన్నీ రాయండి. పాలు, గుడ్లు, గోధుమ, వేరుశనగ, జీడిపప్పు, బాదం లాంటి గింజలు, సోయా, నువ్వులు ఉంటే తప్పకుండా కనబడాలి. కొందరికి ఇవి పడకపోతే ఊపిరి ఆడని ప్రమాదం కూడా ఉంటుంది. వేరుశనగ వాడే వంటింట్లో చేసిన దాని మీద ‘వేరుశనగ లేదు’ అని రాయకండి. ‘వేరుశనగ వాడే వంటింట్లో చేసింది’ అని రాయండి. ప్యాక్ చేయని వాటికి ఏ ట్రేకు ఆ పట్టకారు ఉండాలి.

ధరకు నా పద్ధతి ఇది: సరుకుల ఖర్చు, కాగితాలు, కవర్లు కలిపి ముక్కల సంఖ్యతో భాగించి, మూడుతో గుణించండి. 24 ముక్కలకు 120 ఖర్చయితే ముక్కకు 5, అమ్మే ధర 15. దాన్ని తేలిగ్గా చిల్లర ఇచ్చే అంకెకు సర్దండి. అన్నిటికీ ఒకటి రెండు ధరలే ఉంటే పైసలు లెక్కపెట్టేవాళ్లు తడబడరు. ఇళ్లవాళ్లు సరుకులు ఉచితంగా ఇచ్చారా, తర్వాత ఖర్చు తిరిగి తీసుకుంటారా అన్నది ముందే తేల్చండి. ఇది చివరికి మాట్లాడితే మనస్పర్థలొస్తాయి.

అమ్మే రోజు డబ్బు ముట్టుకునేవాళ్లు తిండి ముట్టుకోకూడదు. మొదలుపెట్టేముందు పెట్టెలో పెట్టిన చిల్లర ఎంతో రాసుకోండి. సరుకంతా ఒకేసారి పరచకండి, సగం మూతపెట్టి బల్ల కింద ఉంచి, ఖాళీ అయినకొద్దీ తీయండి. చివరి అరగంటలో మిగిలినవాటిని మూడు కలిపి రెండింటి ధరకు ఇవ్వండి.

తర్వాత ఇద్దరు కూర్చుని విడివిడిగా లెక్కపెట్టాలి. ముందుగా చిల్లర తీసి పక్కన పెట్టండి. ధరేమీ తగ్గించకపోతే, 192లో 20 మిగిలాయంటే 172 అమ్ముడైనట్టు, 15 చొప్పున 2580 ఉండాలి. 2550 ఉంటే రెండు ముక్కల డబ్బు తగ్గింది. రుచి చూడ్డానికి పోయాయో, చిల్లర పొరపాటో, ఉన్నదున్నట్టు రాసేయండి, జేబులోంచి వేసి సరిపెట్టకండి. విరాళాల డబ్బాను వేరుగా లెక్కపెట్టండి. సంస్థకు ఇచ్చేటప్పుడు రసీదు అడిగి, దాని ఫోటోను సరుకులిచ్చిన ఇళ్లన్నిటికీ పంపండి. ఖర్చుల బిల్లులూ లెక్క కాగితమూ అదే కవర్లో దాచండి.

ఇట్లు,
మీ పెద్దమ్మ